సెలవు అమ్మకి కూడా దొరకాలంటే: మఠం గదిలో ఇంటిల్లిపాదీ మూడు రోజులు

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఇంట్లో పది పన్నెండు మందిమి ఉంటం. అందరం కలిసి మూడు రోజులు ఎక్కడికన్నా పోవాలంటే లక్ష అయితది అంటున్నరు. తక్కువలో అయ్యే దారి ఉందా?" ఉంది. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. మఠం వాళ్ల వసతి గదుల్లో దిగడం. వినగానే "అది ముసలోళ్ల పని" అని స్క్రోల్ చేసేయకండి. ఒక ఐదు నిమిషాలు వినండి, తర్వాత మీ ఇష్టం.

డబ్బుల సంగతి తర్వాత చెప్తా. దానికన్నా ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఫ్యామిలీ ట్రిప్ అంటాం కదా, ఆ ఫ్యామిలీలో సెలవు ఎవరికి దొరుకుతోంది?

మాది గౌలిపురా. తాత కట్టిన ఇల్లు, తర్వాత మధ్యలో గోడ లేచింది. ఒక సగంలో మేము, ఇంకో సగం కిరాయికి. చిన్న బాపు వాళ్లు బడంగ్‌పేట దిక్కు వెళ్లిపోయారు. అందరం కలిసేది ఏడాదికి ఒక్కసారి, లాల్‌దర్వాజ బోనాల నాడు. ఆ రోజు ఇంటి నిండా మనుషులే. కానీ ఆ రోజు మా అమ్మ, చిన్నమ్మ, మేనత్త ముగ్గురూ ఎక్కడుంటారు? పొద్దున ఐదింటి నుంచి పొయ్యి దగ్గర. ఫలహారం బండి మా గల్లీ దాటేటప్పుడు కూడా మా అమ్మ గుమ్మం దాకా వచ్చి, రెండు నిమిషాలు చూసి, "కూర అడుగంటుతది" అని లోపలికి పోతుంది.

ఒకసారి అందరం కలిసి కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ ఒకటి బుక్ చేసుకుని బీచ్ ఊరికి పోయాం. బయట తిండి పడదని నాయనమ్మ అంది, బయట తిండికి మస్తు ఖర్చని బాపు అన్నాడు. అంతే, సిలిండర్ ఆన్. మేము సముద్రం చూసి వచ్చేసరికి అమ్మ ఉప్మా, అమ్మ పప్పు, అమ్మ టీ. వచ్చేటప్పుడు రైల్లో అడిగా, "ఎట్లుందమ్మా?" అని. "నాకేముంది బిడ్డా, మీరు యాడికి పోయినా నా ముంగట పొయ్యే కదా" అంది. కోపంగా కూడా అనలేదు. మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

పెద్ద హోటల్‌లో దిగితే వంట ఉండదు, నిజమే. కానీ పన్నెండు మందికి మూడు పూటలా హోటల్ బిల్లు ఎంతవుతుందో మీకే తెలుసు. చుట్టాలింటికి పోదామా అంటే అక్కడ వంట ఇంకొకరి అమ్మ నెత్తిన పడుతుంది. మన పాతబస్తీలో ముస్లిం దోస్తులు చాలామంది కుటుంబంతో కలిసి షాద్‌నగర్ దగ్గర జహంగీర్ పీర్ దర్గాకు పోతారు, హిందువులు కూడా పోతారు. మస్తు సందడిగా ఉంటుంది. కానీ అక్కడ కందూరు చేసుకోవాలి, అంటే గిన్నెలు, పొయ్యి, వంట అంతా మనదే. పిక్నిక్‌లాగా బాగుంటుంది, ఆడవాళ్లకు రెస్ట్ మాత్రం కాదు.

మఠం గది తేడా ఇక్కడే. గది వాళ్లది, భోజనం వాళ్లది, టైము కూడా వాళ్లదే. మన ఇంట్లో ఎవరూ హోస్ట్ కాదు. అందరం అతిథులమే.

మఠం అంటే ఏంటో ఒక్క మాట. పాతకాలంలో మఠం అంటే సన్యాసులు, వాళ్ల దగ్గర చదువుకునే పిల్లలు ఉండే ఇల్లు. సత్రం అంటే బాటసారులకు అన్నం పెట్టి పడుకోనిచ్చే చోటు. రెండూ వేరు, కానీ మన దగ్గర మొదటి నుంచీ పక్కపక్కనే పెరిగాయి. దీనికి గట్టి సాక్ష్యం రాయి మీదే ఉంది. ఇప్పటి అమరావతి ప్రాంతంలో, తుళ్లూరు మండలంలో మల్కాపురం అనే ఊరుంది. అక్కడ 1261లో, రుద్రమదేవి కాలంలో వేయించిన శాసనం దొరికింది. గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులనే గురువుకి మందడం, వెలగపూడి ఊళ్లు దానంగా వచ్చాయి. ఆయన ఆ ఆదాయాన్ని ఏం చేశాడో ఆ రాయి మీద రాసి ఉంది. గుడి, మఠం, చదువు చెప్పే శాల, ఆరోగ్యశాల, కాన్పుల కోసం ప్రసూతిశాల, వీటన్నిటితో పాటు అన్నసత్రం. ఆ సత్రంలో బ్రాహ్మణుల దగ్గర్నుంచి చండాలుల దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని ఉంది. 760 ఏళ్ల కిందటి మాట ఇది. దీన్ని గుర్తు పెట్టుకోండి, కాసేపటికి మళ్లీ అవసరం పడుతుంది.

యూరప్‌లో కూడా ఇలాంటిదే. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే గురువు క్రైస్తవ సన్యాసుల మఠాలకు నియమాలు రాశాడు. అందులో అతిథుల కోసం ఒక అధ్యాయమే పెట్టాడు. అతిథులకు వంటగది వేరుగా ఉండాలట. ఎందుకంటే వాళ్లు ఏ టైముకి దిగుతారో తెలీదు, మఠంలో వాళ్ల పనికి ఇబ్బంది కావొద్దు అని. ఎంత ప్రాక్టికల్ మనిషో చూడండి.

మన పాతబస్తీలోనూ మఠాలున్నాయి. హుస్సేనీ ఆలంలో ఉదాసీన్ మఠం ఉంది, కూకట్‌పల్లి భూముల కేసు వార్తల్లో ఆ పేరు మీరు చూసే ఉంటారు. కానీ మన ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో దిగితే అది సెలవు కాదు కదా, మధ్యాహ్నం కల్లా ఎవరో ఒకరు "ఇంటికెళ్లి చార్జర్ తెస్తా" అంటారు. అందుకే హైదరాబాదీలు ఎక్కువగా పోయేది మంత్రాలయం. మేమూ అక్కడికే పోయాం, పదకొండు మందిమి.

మంత్రాలయం కర్నూలు జిల్లాలో, తుంగభద్ర ఒడ్డున ఉంది. మన దగ్గర్నుంచి దాదాపు 250 కిలోమీటర్లు. పాతబస్తీ వాళ్లకు సుఖమేంటంటే ఇమ్లిబన్ బస్టాండ్ మన పక్కనే. అక్కడి నుంచి నేరుగా బస్సులున్నాయి, లేదంటే రాయచూర్ దాకా పోయి అక్కడ మారొచ్చు. రాయచూర్ నుంచి 45 కిలోమీటర్లే. 2023 అక్టోబర్‌లో మహబూబ్‌నగర్ నుంచి కృష్ణా వైపు కొత్త రైల్వే లైన్ పూర్తయ్యాక కాచిగూడ నుంచి రాయచూర్‌కి ఆ దారిలో రైలు కూడా వచ్చింది. మంత్రాలయం రోడ్ అని స్టేషన్ వేరే ఉంది, కానీ పేరు చూసి దిగగానే మఠం కనపడుతుందనుకోవద్దు. అక్కడి నుంచి ఊరికి ఇంకా పదిహేను కిలోమీటర్ల దాకా ఆటోలోనో బస్సులోనో పోవాలి. ఇంకొకటి, ఆడవాళ్లకు మన ఆర్టీసీలో ఫ్రీ ఉంది కదా అని లెక్క వేసుకుంటారు. ఆ ఫ్రీ తెలంగాణ బార్డర్ వరకే, అదీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లోనే. బార్డర్ దాటాక టికెట్ తీసుకోవాల్సిందే. ఆధార్ కార్డు మాత్రం చేతిలో పెట్టుకోండి, బస్సులో కన్నా గది దగ్గర ఎక్కువ పని పడుతుంది.

ఈ ఊరి కథలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. రాఘవేంద్ర స్వామి 1595లో తమిళనాట పుట్టారు, 1671లో ఇక్కడ బృందావనం ప్రవేశించారు. సజీవంగానే సమాధిలో కూర్చున్నారని భక్తులు చెప్తారు. అప్పుడు ఈ ఊరి పేరు మంచాల. ఈ ఊరిని మఠానికి ఇచ్చింది ఎవరో తెలుసా? ఆదోని గవర్నర్ సిద్ది మసూద్ ఖాన్. స్వామిని పరీక్షిద్దామని పళ్లెంలో మాంసం పెట్టి గుడ్డ కప్పి తెచ్చాడని, గుడ్డ తీసేసరికి పళ్లు, పువ్వులు ఉన్నాయని కథ. కథని కథగా వినండి. ఊరిచ్చిన మనిషి పేరు మాత్రం మఠం వాళ్లే గౌరవంగా చెప్పుకుంటారు. మొదట ఊరి అమ్మవారు మంచాలమ్మకి దండం పెట్టి, ఆ తర్వాతే బృందావనం దగ్గరికి పోవాలన్నది అక్కడి పద్ధతి. చార్మినార్ కింద తిరిగి పెరిగిన మనకి ఇట్లాంటి కలగలుపు కొత్తేం కాదు.

సరే, గదుల సంగతి. మఠం వాళ్లవే చాలా బిల్డింగులున్నాయి. మామూలు గదులుంటాయి, ఏసీవి ఉంటాయి. లాడ్జితో పోలిస్తే రేటు తక్కువే. మేము మూడు గదులు తీసుకున్నాం. పడుకునే లెక్క మాత్రం ఇంటి లెక్క కాలేదు. ఇంట్లో అయితే "మేము", "చిన్న బాపు వాళ్లు" అని రెండు పార్టీలు. ఇక్కడ ఆడవాళ్లంతా ఒక గది, మగవాళ్లంతా ఒక గది, పిల్లలమంతా ఒక గది అయిపోయాం. ఎవరూ ప్లాన్ చేయలేదు. మంచాలు సరిపోక అట్లా సర్దుకున్నాం.

గదిలో టీవీ లేదు. రూమ్ సర్వీస్ లేదు. రాత్రి ఆకలేస్తే ఆర్డర్ పెట్టడానికి ఏం లేదు. మొదటి రాత్రి మా తమ్ముడు తొమ్మిదిన్నరకి "ఇప్పుడు ఏం చేయాలె?" అని నిజంగా అడిగాడు. నాయనమ్మ అందుకుంది. 1990లో కర్ఫ్యూ పెట్టినప్పుడు ఇంట్లో ఎట్లా ఉన్నారో, పాలు ఎవరు తెచ్చి ఇచ్చారో చెప్పుకుంటూ పోయింది. మేము ఒకే గల్లీలో పుట్టి పెరిగి ఆ ముచ్చట అప్పటిదాకా వినలేదు.

పొద్దున్నే నది ఒడ్డుకి పోయి, మంచాలమ్మ దర్శనం, తర్వాత బృందావనం. మగవాళ్లు చొక్కా, బనీను తీసి లోపలికి పోవాలి. పంచె ఉంటే మంచిది. లోపల ఫోటోలు తీయొద్దంటారు, గొడవ పెట్టుకోకండి, రీల్ బయట తీసుకోండి. సాయంత్రం ప్రాకారంలో రథోత్సవం ఉంటుంది, పిల్లలకి బాగా నచ్చుతుంది. మిగతా టైమంతా ఖాళీ. ఆ ఖాళీనే అసలు విషయం.

మధ్యాహ్నం భోజనం దగ్గర నేను గమనించింది చెప్తా. పంక్తిలో కూర్చోవడానికి మన చాయిస్ ఉండదు. లైన్‌లో ఎట్లా వస్తే అట్లా కూర్చోవాలి. మా బాపు, చిన్న బాపు గోడ లేచిన తర్వాత పక్కపక్కన కూర్చుని తిన్నది నేను చూడలేదు. పెళ్లిళ్లలో కూడా ఒకరు ఈ టేబుల్, ఇంకొకరు ఆ టేబుల్. ఇక్కడ లైన్‌లో ఒకరి వెనక ఒకరు ఉన్నారు, అట్లనే కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారు అంటే, పెద్దగా ఏం లేదు. "సారు ఇంకొంచెం ఏపించుకో", "నీకు బీపీ కదా, ఉప్పు చూసుకో." అంతే. ఆస్తి గొడవ అక్కడ తీరిపోలేదు, ఇప్పటికీ తీరలేదు. కానీ ఆ తర్వాతి రెండు రోజులు భోజనానికి పోయేటప్పుడు ఒకరి కోసం ఒకరు మెట్ల దగ్గర ఆగారు.

మా అమ్మ సంగతి ఇంకా విచిత్రం. మొదటి రోజు ఆమెకి చేతులు ఆగలేదు. గది ఊడ్చింది, పిల్లల బట్టలు ఉతికింది, బాల్కనీలో తాడు కట్టింది. "అమ్మా, కూర్చో" అంటే "కూర్చోని ఏం చేయాలె" అంది. రెండో రోజు భోజనం చేసి వచ్చి పడుకుని సాయంత్రం ఐదింటికి లేచింది. లేచి భయపడింది, "అయ్యో, టీ పెట్టలే" అని. చిన్నమ్మ, మేనత్త నవ్వులే నవ్వులు. ఆ ముగ్గురూ తర్వాత నది మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. అడగనూ లేదు.

ఇప్పుడు రెండో వైపు. ఇదంతా విని మీరు రేపే బుక్ చేసే ముందు కొన్ని తెలియాలి.

తిండి. ఉల్లి, వెల్లుల్లి ఉండవు, సరే. మీకు తెలియనిది ఏకాదశి. ఇది మధ్వ సంప్రదాయం మఠం. ఏకాదశి నాడు వాళ్లకు కఠిన ఉపవాసం, మామూలు భోజన పంక్తి ఆశించకండి. పిల్లలతో, షుగర్ ఉన్న పెద్దవాళ్లతో పోతున్నప్పుడు క్యాలెండర్‌లో ఏకాదశి చూసుకుని డేట్ పెట్టుకోండి. ఇంకా ఇంట్రెస్టింగ్ విషయం చాతుర్మాస్యం. ఆషాఢం నుంచి కార్తీకం దాకా నాలుగు నెలలు. మొదటి నెల కూరగాయలు వాడరు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పుధాన్యాలు వాడరు. దేవుడి నైవేద్యానికి ఈ నియమం పాటిస్తారు. వర్షాకాలం సెలవుల్లో పోతే మీ చెల్లి "పెరుగు ఏది?" అని అడగొచ్చు, సమాధానం ఇది. స్వీట్ ఇష్టమైన వాళ్లకి పరిమళ ప్రసాదం దొరుకుతుంది, ఇంటికి నాలుగు ప్యాకెట్లు ఎక్కువే కొనండి. బస్సు దిగేసరికి రెండే మిగులుతాయి.

పీరియడ్స్. దీని గురించి ఎవరూ ఓపెన్‌గా చెప్పరు, అందుకే నేను చెప్తున్నా. ఆ రోజుల్లో గుడిలోకి, పంక్తిలోకి రావొద్దని చాలా ఇళ్లలో, మఠాల్లో అంటారు. దాంతో ఆడపిల్లలు మెడికల్ షాపులో డేట్ జరిపే టాబ్లెట్ కొని వేసేసుకుంటారు, ట్రిప్ మొత్తం తన వల్ల ఆగిపోతుందని భయం. డాక్టర్‌ని అడగకుండా ఆ మాత్ర వేసుకోకండి, అందరికీ పడదు. మా ఇంట్లో మేం చేసింది, డేట్ పెట్టే ముందు ఆడవాళ్లనే అడిగాం. వాళ్లే తారీఖు ఫిక్స్ చేశారు. ఇంత సింపుల్. అయినా ఆ టైముకి వస్తే ఆ అమ్మాయిని గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి మిగతా పదిమంది పోవడం కాదు, ఒకరో ఇద్దరో తనతో ఉండండి, నది ఒడ్డుకి పోండి, ఊళ్లో టిఫిన్ చేయండి.

ఇక అసలు కష్టమైన విషయం. కులం.

మఠాలు, సత్రాలు అన్నీ ఒకటి కాదు. శ్రీశైలం పోయిన వాళ్లకు తెలుసు, అక్కడ కులానికొక సత్రం ఉంటుంది. కరివేన సత్రం, వాసవి సత్రం, రెడ్డి సత్రం, అట్లా. ఆయా సంఘాల వాళ్లు చందాలు వేసుకుని తమ వాళ్ల కోసం కట్టుకున్నవి. కొన్నిట్లో వేరే వాళ్లకి గది ఇస్తారు, కొన్నిట్లో ఇవ్వరు. కొన్ని మఠాల్లో గది అందరికీ ఇస్తారు కానీ భోజన పంక్తి వేరు. ఉడుపిలో పంక్తి భేదం మీద ఏళ్ల తరబడి ఆందోళనలు జరిగాయి, అది బయటందరికీ తెలిసిన చరిత్రే.

మా ఇంటికి ఇది పేపర్లో చదివిన వార్త కాదు. మా అన్నది లవ్ మ్యారేజ్. వదినది వేరే కులం. పెళ్లైన మొదటి ఏడాది ఇంకో ఊళ్లో ఒక సత్రానికి పోయాం, పేరు చెప్పను. కౌంటర్‌లో రిజిస్టర్ తీసి ఇంటి పేరు, గోత్రం అడిగాడు. అన్న చెప్పాడు. "అమ్మగారి పుట్టింటి వాళ్లు?" అన్నాడు. వదిన తనే చెప్పింది, దాచలేదు. అతను పెన్ను కింద పెట్టి "ఒక్క నిమిషం, సారుని అడిగొస్తా" అని లోపలికి పోయాడు. వచ్చి, గది ఇస్తాం కానీ భోజనానికి ఆమె రాకపోతే బాగుంటుంది అన్నాడు. అరవలేదు, తిట్టలేదు, నెమ్మదిగానే అన్నాడు. బాపు బ్యాగులు ఎత్తి ఆటోలో పెట్టాడు. అంతకుముందు పెళ్లికి ఒప్పుకోని మనిషి, ఆ పెళ్లికి రాని మనిషి. దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. బస్టాండ్ దగ్గర హోటల్‌లో అందరికీ ఇడ్లీ చెప్పి, మొదటి ప్లేటు వదిన ముందు పెట్టాడు.

ఆ రాత్రి లాడ్జిలో అన్న అన్నాడు, ఇంక ఇట్లాంటి చోట్లకి ఫ్యామిలీతో రానని. ఆయన మాట తప్పని నేను అనను. నా వాదన వేరు. 1261లో మల్కాపురం రాయి మీద అందరికీ అన్నం పెట్టాలని చెక్కారంటే, పంక్తిలో మనుషుల్ని విడదీయడమే మన సంప్రదాయం అని ఎవరన్నా చెప్తే నమ్మక్కర్లేదు. తలుపు తెరిచే సంప్రదాయం కూడా మనదే, దానికి రాతి సాక్ష్యం ఉంది. కాబట్టి మఠం గది అనే మంచి వసతిని మొత్తంగా వదులుకోవడం దేనికి? అడిగి పోదాం. మంత్రాలయం పోయే ముందు వదినే ఫోన్ చేసింది, తన ఫోన్ నుంచే, తన పేరు మీదే గదులు మాట్లాడింది. ఆధార్ అడిగారు, ఎంతమంది అని అడిగారు. గోత్రం ఊసు రాలేదు.

మీ ఇంట్లో కూడా వేరే కులం కోడలు, అల్లుడు, లేదా మీతో పాటు వచ్చే ఫ్రెండ్ ఉంటే, గది మాట్లాడేటప్పుడే రెండు ముక్కలు అడగండి. "గది అందరికీ ఇస్తారా? భోజనం అందరికీ ఒకటే పంక్తేనా?" మొహమాటపడకండి. అక్కడికి పోయి కౌంటర్ ముందు ఇంట్లో మనిషిని నిలబెట్టడం కన్నా ఫోన్‌లో అడగడం మేలు. సమాధానం నసిగితే ఆ చోటు వదిలేయండి.

అస్సలు ఈ ప్రశ్నే వద్దనుకుంటే బీదర్ పోండి. మన దగ్గర్నుంచి 140 కిలోమీటర్ల దూరం. నానక్ ఝీరా గురుద్వారా ఉంది. లంగర్‌లో పేరు కూడా అడగరు, తల మీద గుడ్డ కప్పుకుని నేల మీద కూర్చోవడమే. దిగడానికి గదులున్నాయి. కోట ఉంది, పిల్లలకి ఒక పూట గడిచిపోతుంది. ఇంకొంచెం దూరమైనా పర్లేదంటే నాందేడ్, హుజూర్ సాహిబ్. ఒకప్పుడు ఇవన్నీ నిజాం రాజ్యంలోవే, హైదరాబాద్ సిక్కు కుటుంబాలకు నాందేడ్ సొంత ఇల్లు లాంటిది. తింటే సరిపోదు, అక్కడ గిన్నెలు తోమే సేవలో మగపిల్లల్ని కూర్చోబెట్టండి. మా తమ్ముడు ఇంట్లో ఎన్నడూ ముట్టని పని అక్కడ గంటసేపు చేశాడు, వీడియో ఉంది నా దగ్గర.

బుకింగ్ విషయంలో జాగ్రత్త. గుళ్లు, మఠాల గదుల పేరుతో ఫేక్ వెబ్‌సైట్లు తిరుగుతుంటాయి. సెర్చ్‌లో మొదట కనపడిన నంబర్‌కి ఫోన్ చేస్తే ఒకడు తీయగా మాట్లాడి, "అడ్వాన్స్ ఫోన్‌పే చేయండి, రసీదు వాట్సాప్ చేస్తా" అంటాడు. డబ్బు పంపే ముందు స్క్రీన్ మీద వచ్చే పేరు చూడండి. సంస్థ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వస్తే ఆపేయండి. మఠం సొంత సైట్‌లోనే బుక్ చేయండి, లేదంటే నేరుగా పోయి కౌంటర్‌లో తీసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే ఛాన్స్ అంత ఎక్కువ.

ఎప్పుడు పోవాలి? గురువారం వద్దు, ఆ రోజు రద్దీ ఎక్కువ. శ్రావణంలో ఆరాధన రోజులు వద్దు, గది దొరకడం కష్టం. మన బోనాలు అయిపోయిన కొన్ని రోజులకే వస్తుంది అది, గుర్తుంచుకోవడం ఈజీ. మే నెలలో కర్నూలు ఎండ మామూలుగా ఉండదు, రాతి నేల మీద చెప్పుల్లేకుండా నడవాలి. మాకైతే జనవరి బాగా కుదిరింది, సంక్రాంతి సెలవుల చివర్లో.

నదిని తేలిగ్గా తీసుకోకండి. ఎండాకాలం నీళ్లు తక్కువగా, రాళ్లు కనపడుతూ ఉంటుంది, వానాకాలం అదే నది గుర్తుపట్టలేరు. పైన హోసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్ ఉంది, అక్కడ గేట్లెత్తితే ఇక్కడ నీళ్లు పెరుగుతాయి. 2024 ఆగస్టులో ఆ డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కింది ఊళ్లన్నిటికీ హెచ్చరికలు వెళ్లాయి. 2009 అక్టోబర్ వరదలో మంత్రాలయం ఊరే మునిగింది, మఠంలోకి నీళ్లొచ్చాయి. సెల్ఫీ కోసం మెట్లు దాటి లోపలికి పోవద్దు. పిల్లల్ని చూసుకునే డ్యూటీ మళ్లీ ఆడవాళ్ల మీద వేయకుండా మగవాళ్లు వంతులు వేసుకోండి.

రెండు రోజులు మఠం చాలు, మూడో రోజు ఖాళీగా ఉంటే ఆటో మాట్లాడుకుని పంచముఖి ఆంజనేయస్వామి గుడికి పోయి రావచ్చు, నది అవతల, కర్ణాటక వైపు, ఒక 20 కిలోమీటర్లు. దారిలో బిచ్చాలి కూడా చూపిస్తారు. ఆటో రేటు ఎక్కేముందే మాట్లాడండి, రానూ పోనూ కలిపి, ఆగే టైముతో సహా.

చివరగా ఖర్చు. భోజనం ఫ్రీ కదా అని చేతులు దులుపుకుని రాకండి. పదకొండు మంది మూడు రోజులు హోటల్‌లో తింటే ఎంతయ్యేదో దాంట్లో కొంతైనా అన్నదానం కౌంటర్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. మా ఇంట్లో ఆ రసీదు నాయనమ్మ పేరు మీద రాయించాం. గది ఖాళీ చేసే టైము గదిలోకి దిగేటప్పుడే అడిగి రాసుకోండి, ఒక గంట దాటితే ఇంకో రోజు అద్దె వేసే చోట్లున్నాయి. గదికి డిపాజిట్ కట్టి ఉంటే తాళంచెవితో పాటు ఆ చీటీ కూడా అడుగుతారు. చీటీ ఫోటో తీసి మీ ఫ్యామిలీ గ్రూప్‌లో ముందే పెట్టేయండి, లేదంటే బస్సు టైముకి పదకొండు మంది పదకొండు బ్యాగులు తెరిచి వెతకాల్సి వస్తుంది.